ఓసీటీఏలో నల్లమచ్చ కనిపిస్తే కోరాయిడ్‌లో రక్తం ఆగినట్టేనా?

స్కాన్‌గది_కుర్రాడు
విసుగొచ్చి రాస్తున్నా. 41 ఏళ్ల మగ పేషెంట్. నెల నుంచి ఎడమ కంట్లో చూపు మధ్యన మసక, తలుపు అంచు వంకరగా కనిపిస్తోందట. చూపు 6/12. ఓసీటీలో (కాంతితో తీసే కంటి పొరల స్కాన్) మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం, కింద నీరు, పక్కన చిన్న పీఈడీ (ఆర్పీఈ, అంటే రెటీనా అడుగు రంగుపొర, గుట్టలా లేచిన చోటు). ఆ అడుగున ఉండే రక్తనాళాల పొర, కోరాయిడ్, మందం 462 మైక్రాన్లు. ఇంకోచోట తీయించిన ఓసీటీఏ (ఓసీటీతోనే రక్తప్రవాహం చూసే స్కాన్) రిపోర్టు కూడా పట్టుకొచ్చాడు. అందులో "కోరియోక్యాపిల్లరిస్‌లో ఫ్లో వాయిడ్ 38 శాతం, రక్తప్రసరణ లోపం" అని ఉంది, అంటే కోరాయిడ్ పైనుండే కేశనాళికల పొరలో ప్రవాహం కనబడని చోటు అంత శాతమట. దాన్ని చూసి రక్తం పలచన చేసే మాత్ర ఒకటి, "సర్క్యులేషన్ పెంచే" గోళీలు రెండు రకాలు రాసిచ్చారు. నా కంటికి ఇది మామూలు సీఎస్ఆర్ (సెంట్రల్ సీరస్ రెటినోపతి, మాక్యులా కింద నీరు చేరే జబ్బు). సీఎస్ఆర్‌లో కోరాయిడ్ రక్తంతో ఉబ్బి ఉంటుందని కదా చదువుకున్నాం! మరి ఈ 38 ఏంటి? మందం పెరిగిందట, ప్రవాహం తగ్గిందట. రెండూ ఒకే కంట్లో ఎలా?

చుక్కలమందు
పీఈడీ ఉన్న కంటికి ఓసీటీఏ తీసి, దాని మీద శాతం కట్టి రిపోర్టులో రాసేవాళ్లకి ఒక దండం.

మైక్రాన్_మావయ్య
కుర్రాడా, ముందు ఆ 38ని పక్కన పెట్టు. ఓసీటీఏకి రక్తం కనబడదు, కదలిక కనబడుతుంది. ఒకే గీత మీద కొన్ని మిల్లీసెకన్ల తేడాతో రెండు మూడుసార్లు స్కాన్ తీస్తుంది. మారిన చుక్క తెలుపు, మారని చుక్క నలుపు. అంతే దానికి తెలిసింది.

కాబట్టి నలుపు వచ్చిందంటే అక్కడ నిజంగా రక్తం లేకపోవచ్చు. రక్తం ఉన్నా మిషన్ పట్టలేనంత నెమ్మదిగా పారుతుండొచ్చు. పైన ఏదో అడ్డుండి కాంతి అక్కడిదాకా చేరకపోవచ్చు. లేదా మిషన్ గీసిన పొర గీత జారిపోయి, నువ్వు చూస్తున్నది కోరియోక్యాపిల్లరిసే కాకపోవచ్చు. పీఈడీ, ఫైబ్రిన్ (నీటిలో గడ్డకట్టిన పీచు) ఉన్న కంట్లో చివరి రెండింటినే ముందు అనుమానించాలి.

ఇలా చూడు. ఒకటి, సిగ్నల్ పదికి ఏడు కన్నా తక్కువుంటే ఆ స్కాన్ పక్కన పడెయ్. రెండు, బీ-స్కాన్ (ఓసీటీ అడ్డకోత బొమ్మ) మీద మిషన్ గీసిన ఎర్రగీత బ్రూక్ పొరని (ఆర్పీఈకీ కోరాయిడ్‌కీ మధ్య పొర) పట్టుకునే ఉందో, పీఈడీ గుట్టెక్కి కూర్చుందో ఒక్కో గీతా జరుపుతూ చూడు. జారితే చేత్తో సరిచెయ్. మూడోది అసలైనది. అదే స్లాబ్‌కి (కొలిచే పొర ముక్కకి) మామూలు ఆన్‌ఫాస్ బొమ్మ, అంటే పైనుంచి చూసినట్టుండే, ఫ్లో కాకుండా స్ట్రక్చర్ బొమ్మ, పక్కన పెట్టు. రెండింట్లోనూ అదే చోట నల్లగా ఉంటే అది నీడ. స్ట్రక్చర్‌లో తెల్లగా ఉండి ఫ్లోలో మాత్రం నల్లగా ఉంటే అప్పుడు నిజమైన లోపమని మాట్లాడుకోవచ్చు.

స్కాన్‌గది_కుర్రాడు
స్ట్రక్చర్ బొమ్మ రిపోర్టులో ఇవ్వలేదు మావయ్యా. రంగుల మ్యాపు ఒకటి, దాని పక్కన అంకె.

మైక్రాన్_మావయ్య
రంగుల మ్యాపు చూస్తే పేషెంటుకి నమ్మకం, బిల్లు చూస్తే మిషన్‌కి నమ్మకం.

ఇంకో మాట. 6×6 మి.మీ. స్కాన్ మీద కోరియోక్యాపిల్లరిస్ శాతాలు కట్టకు. మాక్యులా దగ్గర ఆ కేశనాళికల మధ్య సందు 5 నుంచి 20 మైక్రాన్లు. మన మిషన్ అడ్డంగా విడదీయగలిగేది దాదాపు 15-20. అంటే 3×3లోనే బొటాబొటి, 6×6లో గీతల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. నిక్షేపంలాంటి కంట్లో కూడా "ఫ్లో డెఫిసిట్" సున్నా రాదు. పైగా నలుపు తెలుపు విడదీసే ఫాన్సల్కర్ లెక్కలో చుట్టూ చూసే మేర, అంటే వ్యాసార్ధం, మారిస్తే చాలు, అదే కంటికి వేరే శాతం వస్తుంది. ఏ మిషన్, ఏ స్లాబ్, ఏ వ్యాసార్ధం అని రాయని శాతం కొలిచేవాడి మూర చెప్పకుండా "బట్ట ఇన్ని మూరలు" అన్నట్టే.

పీజీ_రెండో_ఏడు
వెనక్కెళ్లి ఒక మొద్దు ప్రశ్న అడగొచ్చా? రెటీనాకి సెంట్రల్ ఆర్టరీ ఉండగా కింద నుంచి ఇంత రక్తం దేనికి?

హాలర్_పొర
మొద్దు ప్రశ్నేం కాదు, మొత్తం చర్చకి పునాది అదే. సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ పోషించేది లోపలి పొరల్ని. బయటి పొరలు, అంటే కాంతిని పట్టే రాడ్లు, కోన్లు (ఫోటోరిసెప్టర్లు), ఆర్పీఈ కోరాయిడ్ మీదే బతుకుతాయి. ఫోవియా (మాక్యులా మధ్య గుంట) నడిమధ్య రెటీనా రక్తనాళాలే ఉండవు, అక్కడంతా కింద నుంచే. కంటికి వచ్చే రక్తంలో చాలా పెద్ద వాటా, 80 శాతానికి అటూఇటూ, కోరాయిడ్‌కే పోతుంది. రెటీనాకి దక్కేది పిడికెడు.

తమాషా ఏంటంటే ఇంత రక్తం వచ్చినా కోరాయిడ్ అందులోంచి తీసుకునే ఆక్సిజన్ చాలా తక్కువ. రెటీనాలో ధమనికీ సిరకీ ఆక్సిజన్ తేడా సుమారు 38 శాతం, కోరాయిడ్‌లో 3 శాతమే. బయటికి పోయే రక్తం కూడా దాదాపు ధమని రక్తంలాగే ఉంటుంది. అంత వేగంగా పారితేనే బ్రూక్ పొర దాటి ఫోటోరిసెప్టర్లదాకా ఆక్సిజన్ నెట్టుకెళ్లేంత ఒత్తిడి నిలుస్తుంది. కాంతి పడి పుట్టే వేడిని మోసుకుపోవడం ఇంకో పని.

సీఆర్ఏఓలో, అంటే సెంట్రల్ రెటీనల్ ఆర్టరీ మూసుకుపోయినప్పుడు, వచ్చే చెర్రీ రెడ్ స్పాట్ గుర్తు తెచ్చుకో. చుట్టూ లోపలి రెటీనా వాచి తెల్లబడుతుంది. ఫోవియా దగ్గర ఆ పొరలు లేవు కాబట్టి కింద పారుతున్న కోరాయిడ్ రంగు అలాగే కనిపిస్తుంది. ఆ ఎరుపు కోరాయిడ్‌దే.

పీజీ_రెండో_ఏడు
అబ్బ, ఆ ఎరుపు ఎందుకో ఇన్నాళ్లూ బట్టీ పట్టి రాశా.

హాలర్_పొర
ఇక కుర్రాడి అసలు ప్రశ్న. మందం పెరిగి, ప్రవాహం తగ్గడం ఎలా అని. డెల్టాలో పొలం ఉన్నవాళ్లకి ఇది ఇట్టే ఎక్కుతుంది. కోరాయిడ్‌లో అట్టడుగున హాలర్ పొర పెద్ద కాలువ, మధ్యన శాట్లర్ పొర పంట కాలువ, పైన కోరియోక్యాపిల్లరిస్ బోదెలు. వాడిన నీళ్లు బయటికి పోవడానికి డ్రెయిన్లు ఉంటాయి. అవే వోర్టెక్స్ సిరలు, మామూలుగా నాలుగు, క్వాడ్రంట్‌కి ఒకటి, కొందరికి ఎక్కువ. డ్రెయిన్ పూడుకుపోతే ఏమవుతుంది? పొలం మునుగుతుంది. అంతమాత్రాన పైరుకి మేలు జరిగినట్టా? ఆ మునిగిన చోట నీళ్లు నిలిచాయి తప్ప పారడం లేదు.

సీఎస్ఆర్‌లో ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న కథ ఇదే. హాలర్ సిరలు ఉబ్బిపోతాయి, పైనున్న శాట్లర్, కోరియోక్యాపిల్లరిస్ పొరలు నలిగి పలచబడతాయి. వైడ్‌ఫీల్డ్ ఐసీజీ (పచ్చ డై ఎక్కించి కోరాయిడ్ నాళాలు చూసే ఫోటో) తీస్తే ఒక క్వాడ్రంట్ సిరలు మాక్యులా మీదుగా పక్క క్వాడ్రంట్ సిరలతో కలిసిపోయి కనిపిస్తాయి. మామూలు కంట్లో అక్కడ వాటర్‌షెడ్, అంటే గట్టు, ఉండాలి. డ్రెయిన్ పూడింది కాబట్టి నీరు గట్టు తెంచుకుని పక్కదారి వెతుక్కుంది.

మందం అనేది ఆ గది ఎంత పెద్దదో చెబుతుంది. గదిలో గాలి ఎంత వేగంగా ఆడుతోందో చెప్పదు.

చుక్కలమందు
ఉపమానం బాగుంది గానీ ఒక మెలిక. బోదెల పోలిక పూర్తిగా కుదరదు. కోరియోక్యాపిల్లరిస్ మాక్యులా కింద తేనెపట్టులా ఒకే అల్లిక, పనిలో మాత్రం లోబ్యూళ్లుగా (చిన్న చిన్న మడుల్లా) విడిపోతుంది. ఒక్కో లోబ్యూల్‌కి ఒక చిన్న ధమని. అందుకే ఫ్లోరెసిన్ (ఇంకో డై ఎక్కించి తీసే ఫోటో) తీసినప్పుడు మొదటి సెకన్లలో కోరాయిడ్ మచ్చలు మచ్చలుగా నిండుతుంది. అది జబ్బు కాదు. చేతికి డై ఎక్కించిన 10-12 సెకన్లకి కోరాయిడ్ మెరుస్తుంది, ఒక సెకను తర్వాత రెటీనా ధమనులు. మచ్చలు ఎంతకీ నిండకుండా అలాగే ఉండిపోతే, ముఖ్యంగా వయసు పైబడి తలనొప్పి, దవడ నొప్పి ఉన్న మనిషిలో, జెయింట్ సెల్ ఆర్టరైటిస్ (ధమనులు వాచే జబ్బు) గుర్తు రావాలి.

సిరలే కారణమన్నది కూడా ఇంకా తేలలేదు. ఆర్పీఈ పంపు చెడడం, స్టెరాయిడ్, సింపథెటిక్ నరాల పాత్ర కూడా ఉన్నాయి.

హాలర్_పొర
ఒప్పుకుంటా. పూడిక ఒక్కటే కాదు. ఆర్పీఈ గట్టిగా ఉన్నంతకాలం కింద ఎంత మునిగినా పైకి నీరు రాదు. మందమైన కోరాయిడ్ ఉండి ఒక్క చుక్క నీరు కూడా లేని కళ్లు బోలెడు.

స్కాన్‌గది_కుర్రాడు
కుడి కన్ను కూడా తీశాను. నీరు లేదు, మందం 431.

హాలర్_పొర
చూశావా. పాకీకోరాయిడ్ (మందమైన కోరాయిడ్) మనిషి. రెండో కన్ను స్కాన్ చేయకుండా సీఎస్ఆర్ రిపోర్టు రాయకూడదనేది ఇందుకే.

గుంటూరు_గ్లకోమా
462, 431 అని ఖాయంగా రాసే ముందు స్కాన్ ఏ వేళకి తీశారో చెప్పండి. కోరాయిడ్ తెల్లవారుజామున మందంగా, సాయంత్రానికి పలచగా ఉంటుంది. తేడా 20-30 మైక్రాన్లు, కొందరిలో ఇంకా ఎక్కువ. పొద్దున 9కి 462, వచ్చే నెల సాయంత్రం 5కి 435 వస్తే "మందు పనిచేసింది" అని సంబరపడకండి.

కాఫీ తాగితే కొన్ని గంటలు పలచబడుతుంది. నీళ్లు గటగటా లీటరు తాగినా కదులుతుంది. వయసు పెరిగేకొద్దీ పదేళ్లకి ఓ 15 మైక్రాన్లు తగ్గుతుంది, మైనస్ పవర్ ఒక్కో డయాప్టర్‌కి 8-9 చొప్పున తగ్గుతుంది. మైనస్ 8 ఉన్నవాడికి 300 వస్తే అతనికది మందమే!

మైక్రాన్_మావయ్య
గుంటూరు చెప్పినదానికి కొలత పద్ధతి జత చేస్తా. ఈడీఐ (ఎన్‌హాన్స్‌డ్ డెప్త్ ఇమేజింగ్) మోడ్ పెట్టు. 2008లో స్పెయిడ్ వాళ్లు చెప్పిన చిట్కా అది. మిషన్‌ని కంటికి ఇంకాస్త దగ్గరగా జరిపితే బాగా కనబడే లోతు కిందికి, కోరాయిడ్ వైపుకి పోతుంది. సగటు ఫ్రేములు ఎన్ని కుదిరితే అన్ని, వంద దాకా పెట్టొచ్చు. ఆర్పీఈ-బ్రూక్ గీత బయటి అంచు నుంచి స్క్లీరా (కంటి తెల్లటి గట్టి గోడ) మొదలయ్యే చోటుకి నిలువుగా గీత. కొన్ని కళ్లలో హాలర్ పొరకీ స్క్లీరాకీ మధ్య సుప్రాకోరాయిడల్ పొర సన్నటి నల్లపట్టీలా కనిపిస్తుంది. దాన్ని ఒకసారి కలిపి, మరుసటిసారి కలపకుండా కొలిస్తే 30-40 మైక్రాన్ల తేడా నీ చేతి తేడానే. మళ్లీ తీసేటప్పుడు ఫాలోఅప్ మోడ్, అదే మిషన్, అదే వేళ. 500 దాటి అడుగు కనబడకపోతే 1050 నానోమీటర్ల స్వెప్ట్ సోర్స్ ఓసీటీ ఉన్నచోటికి పంపు. 840 నానోమీటర్ల దాంతో కుస్తీ పట్టొద్దు.

పీజీ_రెండో_ఏడు
సీవీఐ (కోరాయిడల్ వాస్క్యులారిటీ ఇండెక్స్) అని ఒకటుంది కదా, అది నమ్మొచ్చా?

మైక్రాన్_మావయ్య
ఒట్టి మందం కన్నా మేలే. కోరాయిడ్ బొమ్మని నలుపు తెలుపు చేసి, నాళాల లోపలి ఖాళీ మొత్తం కోరాయిడ్‌లో ఎంత శాతమో చూస్తుంది. 2016లో సింగపూర్ వాళ్లు ఆరోగ్యమైన కళ్లలో సగటు 65 శాతం చిల్లర అని చూపించారు. వయసు, పవర్ మారినా మందమంత ఊగిసలాడదు. కానీ అదీ నిశ్చల చిత్రమే. పైపు లావు తెలుస్తుంది, నీళ్ల వేగం తెలీదు.

ఒసాకా_తెలుగోడు
వేగం కావాలంటే లేజర్ స్పెకిల్ ఫ్లోగ్రఫీ ఉంది, ఇక్కడ జపాన్‌లో మామూలుగానే వాడతారు. 830 నానోమీటర్ల లేజర్ వేసి 4 సెకన్లు సెకనుకి 30 ఫ్రేముల చొప్పున తీస్తుంది. డై అక్కర్లేదు. ఎర్ర రక్తకణాలు కదులుతుంటే స్పెకిల్ (లేజర్ చుక్కల నమూనా) చెదిరిపోతుంది, ఎంత చెదిరితే ఎంబీఆర్ (మీన్ బ్లర్ రేట్) అంకె అంత ఎక్కువ. మాక్యులాలో రెటీనా పెద్ద నాళాలు లేవు కాబట్టి అక్కడ వచ్చే ఎంబీఆర్ ముఖ్యంగా కోరాయిడ్‌దే.

హొక్కైడో వాళ్ల పనిలో తేలింది చెబుతా, ఈ చర్చకి సరిగ్గా సరిపోతుంది. అక్యూట్ సీఎస్ఆర్‌లో మాక్యులా మొత్తమ్మీద ఎంబీఆర్ పెరిగి ఉంటుంది, నీరు తగ్గుతుంటే దిగుతుంది. వీకేహెచ్‌లో (వోట్-కొయనాగి-హరాడా, కోరాయిడ్ వాచే జబ్బు) తారుమారు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ఎంబీఆర్ తక్కువ, స్టెరాయిడ్‌తో నయమవుతుంటే పెరుగుతుంది. రెండింట్లోనూ కోరాయిడ్ మందమే, రెండూ మానుతుంటే పలచబడేవే. మందం ఒకే దిక్కుకి, ప్రవాహం ఎదురుబొదురు దిక్కులకి.

హాలర్_పొర
ఈ ఒక్క పోస్టు చాలు. ఒసాకా, ఆ ఎంబీఆర్‌ని ఒక మనిషికీ ఇంకో మనిషికీ పోల్చొచ్చా?

ఒసాకా_తెలుగోడు
మాక్యులా దగ్గర వద్దు. పిగ్మెంట్‌ని బట్టి అంకె మారిపోతుంది. అదే కన్ను మొదటి రోజు, నెల తర్వాత అని పోల్చుకోవడానికే.

చుక్కలమందు
బాగుంది. మన దగ్గర దొరకని మిషన్‌తో దొరికిన సమాధానం.

యువియా_పిచ్చి
మిషన్ లేకపోయినా ఆ తేడా పట్టుకోవాల్సిందే, ఎందుకంటే ఇక్కడ తప్పటడుగు ఖరీదైనది. వీకేహెచ్‌ని సీఎస్ఆర్ అనుకుని "మూడు నెలలు చూద్దాం" అంటే కన్ను పాడవుతుంది. సీఎస్ఆర్‌ని వీకేహెచ్ అనుకుని స్టెరాయిడ్ ఎక్కిస్తే పొంగిపోయి, నీరు బుడగలు బుడగలుగా రెటీనా కిందంతా పాకుతుంది. ఒకదానికి అమృతం, ఇంకోదానికి విషం.

వీకేహెచ్ వైపు లాగేవి: రెండు కళ్లూ ఒకేసారి లేదా కొద్ది రోజుల తేడాలో, ముందు తలనొప్పి, మెడ పట్టడం, చెవిలో హోరు, దువ్వెన తగిలితే తల చర్మం జివ్వుమనడం, డిస్క్ (కంటి నరం మొదలు) ఎర్రబడి వాయడం, విట్రియస్‌లో (కంటి లోపలి జెల్లీలో) కణాలు. ఓసీటీలో నీరు ఒక్క గుమ్మటంలా కాక అడ్డ తెరలతో గదులు గదులుగా ఉంటుంది, ఆర్పీఈ అలలు అలలుగా ముడతలు పడుతుంది. కోరాయిడ్ చూడండి. సీఎస్ఆర్‌లో పెద్ద పెద్ద నల్ల నాళాలు ఉబ్బి స్పష్టంగా కనిపిస్తాయి. వీకేహెచ్‌లో వాపుకణాలతో నిండి నాళాల గుర్తులే చెరిగిపోతాయి, బూడిద పూసినట్టుంటుంది. ఫ్లోరెసిన్‌లో చుక్కలు చుక్కలుగా పదుల లీకులు, ఐసీజీలో నల్ల చుక్కలు.

అది ఖాయమైతే రోజుకి 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసలోన్ మూడు రోజులు సిరలోకి, తర్వాత నోటి మాత్ర కిలోకి 1 మిల్లీగ్రాముతో మొదలుపెట్టి ఆరు నెలలకి తక్కువ కాకుండా మెల్లగా దించాలి. నెలలో ఆపేస్తే తిరగబెడుతుంది.

చుక్కలమందు
యువియా గారూ, ఓసీటీ కన్నా ముందు బీపీ చూడమని కూడా రాయండి. 28 ఏళ్ల మనిషికి రెండు కళ్లలో నీరు, బీపీ 210/130. అది వీకేహెచ్ కాదు, హైపర్‌టెన్సివ్ కోరాయిడోపతి. స్టెరాయిడ్ ఎక్కిస్తే బీపీ ఇంకా లేస్తుంది. గర్భిణిలో అయితే ప్రీఎక్లాంప్సియా. కోరాయిడ్ చిన్న ధమనులు బిగుసుకుపోయి లోబ్యూళ్లు చస్తాయి, పైనున్న ఆర్పీఈ మచ్చపడుతుంది. అవే ఎల్ష్‌నిగ్ స్పాట్లు. ఇక్కడ మాత్రం ఓసీటీఏలో నలుపు నిజమైన నలుపే. బీపీ పట్టీ కన్నా చౌకైన రెటీనా పరీక్ష లేదు.

యువియా_పిచ్చి
నూటికి నూరు పాళ్లు. కన్ను తిప్పితే నొప్పి ఉంటే అల్ట్రాసౌండ్ బీ-స్కాన్ కూడా. కంటి వెనక టెనాన్ పొర కింద నీరు చేరి "టీ" ఆకారం కనిపిస్తే పోస్టీరియర్ స్క్లెరైటిస్ (స్క్లీరా వెనక భాగం వాపు).

స్కాన్‌గది_కుర్రాడు
మా పేషెంట్ బీపీ 128/84. ఒక కన్నే. తలనొప్పి, చెవి హోరు లేవు. నీరు ఒకటే గుమ్మటం, పక్కన చిన్న పీఈడీ. కోరాయిడ్ నాళాలు లావుగా స్పష్టంగా ఉన్నాయి. స్టెరాయిడ్ వాడుతున్నావా అంటే లేదన్నాడు.

ఫార్మసీ_మెట్లు
"స్టెరాయిడ్ వాడుతున్నావా" అని అడిగితే అందరూ లేదనే అంటారు. ఆ మాట వాళ్లకి తెలియదు. ఇలా అడగండి: ముక్కులో స్ప్రే కొడతావా? ఆస్తమాకి పీల్చే పంపు ఉందా? మోకాలికో నడుముకో భుజానికో సూది వేయించుకున్నావా, ఎన్నిసార్లు? ముఖం తెల్లబడే క్రీము, గజ్జి క్రీము రాస్తావా? కీళ్లనొప్పులకి పేరులేని పొడి పొట్లాలు తింటున్నావా? జిమ్‌లో ఏమైనా ఇచ్చారా? ఏ దారిన లోపలికెళ్లినా సీఎస్ఆర్‌కి చాలు. ఊళ్లలో ఆర్ఎంపీ వేసే "నొప్పి ఇంజెక్షన్" పేరు పేషెంటుకి తెలీదు, సీసా తెమ్మనండి.

భార్య పక్కన లేనప్పుడు ఇంకోటి అడగాలి. సిల్డెనాఫిల్. అది కోరాయిడ్‌ని కాసేపు మందం చేస్తుంది.

మైక్రాన్_మావయ్య
స్కాన్ వేళతో పాటు దాని వేళ కూడా రిపోర్టులో రాయాలేమో.

ఫార్మసీ_మెట్లు
రాయండి, "క్లినికల్ కోరిలేషన్ అడ్వైజ్డ్" అని.

పీజీ_రెండో_ఏడు
ఆ సర్క్యులేషన్ మాత్రల సంగతేంటి మరి? కొనసాగించాలా?

హాలర్_పొర
సీఎస్ఆర్‌లో వాటికి స్థానం లేదు. తక్కువైన ప్రవాహాన్ని పెంచడం కాదు ఇక్కడ సమస్య, లీకయ్యే ఒత్తిడి. అయితే ఒక జాగ్రత్త. రక్తం పలచన చేసే మాత్ర గుండె స్టెంట్ కోసమో పక్షవాతం కోసమో ముందే వాడుతుంటే కంటి డాక్టర్ మాట మీద ఆపించకండి, రాసినవాళ్లతో మాట్లాడించండి.

మొదటిసారి వచ్చిన సీఎస్ఆర్ చాలావరకు మూడు నాలుగు నెలల్లో తనంతట తానే తగ్గుతుంది. స్టెరాయిడ్ మూలం పట్టుకుని ఆపించడమే పెద్ద వైద్యం. ఎప్లెరినోన్ (బీపీ, గుండె జబ్బుల మాత్ర) రాసే అలవాటు ఇంకా ఉంది కానీ, 2020లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ వాళ్ల విసీ ట్రయల్‌లో 114 మంది దీర్ఘకాల సీఎస్ఆర్ పేషెంట్లలో సగం మందికిస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కాలేదు. పొటాషియం పెరిగే బెడద ఉండనే ఉంది.

నాలుగు నెలలు దాటినా నీరు నిలిస్తే హాఫ్ డోస్ పీడీటీ, అంటే వెర్టెపోర్ఫిన్ మందు సగం మోతాదు సిరలోకిచ్చి లేజర్ వేయడం. 2018 ప్లేస్ ట్రయల్‌లో మొదటి తనిఖీకే, అంటే 6-8 వారాలకి, పీడీటీ వాళ్లలో 51 శాతం మందికి నీరు పూర్తిగా పోయింది, మైక్రోపల్స్ లేజర్ వాళ్లలో 14 శాతానికి. పీడీటీ చేసే పనే కోరాయిడ్ ప్రవాహం తగ్గించడం. రక్తప్రసరణ పెంచే మాత్ర రాసినవాళ్లకి ఈ మాట చెబితే చాలేమో!

చుక్కలమందు
వెర్టెపోర్ఫిన్ దొరకాలి కదా ముందు. కొరత మొదలయ్యాక జిల్లాల్లో ఎవరూ ఆశ పెట్టుకోవడం లేదు. లీకు ఫోవియాకి దూరంగా ఉంటే మామూలు లేజర్ కూడా తప్పు కాదు. పుస్తకంలో మొదటి వరస ఏదైనా, చేతిలో ఉన్నదే వైద్యం.

హాలర్_పొర
దూరంగా ఒకటే లీకుంటే సరే. ఫోవియా కింద మాత్రం వద్దు. ఇంకోటి, వయసు 60కి దగ్గరైనా, నీటితోపాటు రక్తం, నారింజ రంగు బుడిపెలు, నిటారుగా లేచిన పీఈడీ ఉన్నా సీఎస్ఆర్ అని వదిలేయకండి. పీసీవీ (కోరాయిడ్ నాళాలకి బుడగల్లాంటి పాలిప్‌లు వచ్చే జబ్బు) కావచ్చు, మన ఆసియా వాళ్లలో తరచూ చూస్తాం. ఐసీజీలో డై ఎక్కిన మొదటి 6 నిమిషాల్లో పాలిప్ మెరుస్తుంది. ఎవరెస్ట్-2 ట్రయల్‌లో రానిబిజుమాబ్ అనే కంటి సూదికి పీడీటీ జతచేస్తే ఏడాదికి పాలిప్‌లు పూర్తిగా మూసుకున్నవాళ్లు 69 శాతం, ఒట్టి సూదితో 35. చూపు పట్టికలో అదనంగా చదివిన అక్షరాలు 8.3, ఒట్టి సూదితో 5.1.

గుంటూరు_గ్లకోమా
ప్రవాహం తగ్గే వైపు ఒక లెక్క ఇచ్చి పోతా. కంటికి రక్తాన్ని తోసే ఒత్తిడి, కూర్చున్నప్పుడు: సగటు బీపీలో మూడింట రెండొంతులు, అందులోంచి కంటి ప్రెజర్ తీసెయ్. బీపీ 120/80 అయితే సగటు 93, మూడింట రెండొంతులు 62, కంటి ప్రెజర్ 15 పోతే 47. అదే మనిషికి కంటి ప్రెజర్ 30 అయితే 32. రెటీనా నాళాలు ఈ తగ్గుదలని తమంతట తాము సర్దుకుంటాయి. కోరాయిడ్‌కి ఆ సర్దుబాటు తక్కువ, అది ఎక్కువగా నరాల మాట వింటుంది. రాత్రి బీపీ బాగా పడిపోయేవాళ్లలో ఈ అంకె ఇంకా దిగుతుంది. కాబట్టి ఓసీటీఏ తీసిన రోజు బీపీ, కంటి ప్రెజర్ రెండూ రిపోర్టు పక్కన రాసుకోండి.

పీజీ_రెండో_ఏడు
మరి ఏఎండీలో (వయసుతో వచ్చే మాక్యులా జబ్బు) కోరియోక్యాపిల్లరిస్ లోపం అంటారు, అదీ నీడేనా?

మైక్రాన్_మావయ్య
కాదు, అక్కడ నిజమైనదీ ఉంది. కానీ డ్రూసెన్ (ఆర్పీఈ కింద పేరే పసుపు ముద్దలు) కింద కొలిస్తే నీడని కూడా కలుపుకుంటావు. అందుకే డ్రూసెన్ ఉన్నచోటు తీసేసి మిగతాది కొలవాలి. దానికి ఎదురు తప్పు కూడా ఉంది. ఆర్పీఈ చచ్చిన చోట కాంతి సాఫీగా కిందికి దిగి, పెద్ద నాళాలు తళతళ మెరుస్తాయి. కొత్తవాళ్లు "ప్రవాహం పెరిగింది" అని రాసేస్తారు. పైకప్పు ఎగిరిపోతే గదిలో వెలుగు పెరిగినట్టు.

స్కాన్‌గది_కుర్రాడు
ఈ రోజు పొద్దున 10కి మా దగ్గర 3×3 తీశాను. సిగ్నల్ 8. ఎర్రగీత పీఈడీ మీదికెక్కి ఉంటే చేత్తో దించాను. స్ట్రక్చర్ పక్కన పెడితే పెద్ద నల్లమచ్చ రెండింట్లోనూ అదే చోట, అదే ఆకారం. పీఈడీ నీడ. దాని పక్కన నీరు లేని చోట మాత్రం స్ట్రక్చర్ తెల్లగా, ఫ్లో నల్లగా రెండు మూడు చిన్న మచ్చలున్నాయి. సరిగ్గా వాటి కిందే హాలర్ నాళం లావుగా పోతోంది.

హాలర్_పొర
ఆ చిన్నవే నిజమైనవి. కింద సిర ఉబ్బి పైన కేశనాళికల్ని నలిపిన చోటు. నీ మొదటి ప్రశ్నకి జవాబు నీ స్కాన్‌లోనే ఉంది. మందమూ పెరిగింది, ఆ చోట ప్రవాహమూ తగ్గింది. కాకపోతే 38 శాతం కాదు.

స్కాన్‌గది_కుర్రాడు
ఫార్మసీ గారు చెప్పినట్టు ఒక్కొక్కటే అడిగాను. ముక్కు స్ప్రే, ఎనిమిది నెలలుగా, రోజూ. "అది మందు కాదు కదండీ, జలుబుకి" అన్నాడు. ఈఎన్‌టీ వాళ్లకి ఉత్తరం రాసి పంపాం. ఇతను మూడో నెలకి వస్తాడు. నీరు అలాగే ఉంటే గురువారం బ్యాచ్‌లో ఐసీజీ పెడదామంటున్నారు మేడమ్.

పచ్చడై
ఐసీజీ అనగానే వచ్చేశా. 25 మిల్లీగ్రాముల వయల్‌లో దానితో వచ్చిన స్టెరైల్ వాటర్ 5 మి.లీ. పోసి కలపాలి. సెలైన్‌తో కలిపితే అడుగున గరుకు పేరుకుంటుంది. సూది ఎక్కించాక వెనకాల 5 మి.లీ. సెలైన్ ఫ్లష్ కొట్టొచ్చు, అది వేరు. కలిపాక 6 గంటలు దాటితే పారబోయాల్సిందే. అందులో అయొడైడ్ ఉంటుంది, అయొడిన్ అలర్జీ, లివర్ జబ్బు అడగండి. ట్రేలో 1:1000 అడ్రినలిన్ ఉందో లేదో డై కలపకముందే చూడండి. ఫోటోలు మొదటి నిమిషం ఆపకుండా, తర్వాత 5, 10, 15, 30 నిమిషాలకి. చాలామంది 10కే పేషెంటుని లేపేస్తారు, కోరాయిడ్ లీకు బాగా తెలిసేది ఆ దరిదాపుల్లో మొదలై తర్వాతే.

పీడీటీ దాకా వెళ్తే వెర్టెపోర్ఫిన్‌కి లెక్క తారుమారు కాకుండా చూసుకోండి. 15 మిల్లీగ్రాముల వయల్‌కి 7 మి.లీ. స్టెరైల్ వాటర్, అప్పుడు మి.లీ.కి 2 మిల్లీగ్రాములు. శరీర వైశాల్యం 1.7 చదరపు మీటర్లు ఉన్న మనిషికి హాఫ్ డోస్, అంటే చదరపు మీటరుకి 3, మొత్తం 5.1 మిల్లీగ్రాములు, అది 2.55 మి.లీ. దాన్ని 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో 30 మి.లీ. చేసి 10 నిమిషాల్లో ఎక్కించాలి. ఇక్కడా సెలైన్ వద్దు. మొదలుపెట్టిన 15వ నిమిషానికి 689 నానోమీటర్ల లేజర్, 83 సెకన్లు. మందు సిర బయటికి కారితే చర్మం కాలుతుంది, మోచేతి దగ్గర లావు సిర చూసుకోండి. తర్వాత 5 రోజులు ఎండ తగలకూడదు. పేషెంటుని నిండు చేతుల చొక్కా, టోపీ, నల్లద్దాలతో రమ్మని ముందురోజే ఫోన్ చేయండి, మే నెలలో బస్టాండులో నిలబెట్టి పంపకండి.

స్కాన్‌గది_కుర్రాడు
సెలైన్ సంగతి గోడకి అంటించేశా. ముక్కు స్ప్రే పేరు కూడా.

చుక్కలమందు
ఆ 38 శాతం రిపోర్టు కూడా పక్కనే అంటించు, కొత్తగా చేరినవాళ్లకి పనికొస్తుంది. పేషెంటు పేరు మాత్రం చింపెయ్.